తెరకు నేను చెప్పిన గుడ్డ

మూతపడిన టూరింగ్ టాకీసు వాళ్ళ దగ్గర మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, ఒక చిన్న ప్రొజెక్టరు, నాలుగు రీళ్ళ పాత సినిమా ఒకటి కొనుక్కొచ్చాడు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మా వీధికి టీవీ ఇంకా రాలేదు. వరంగల్ చౌరస్తాలో మాది బట్టల దుకాణం, కాబట్టి తెరకు గుడ్డ వెతుక్కోవలసిన పని లేదు. బాపు ఏ గుడ్డనైనా రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసేవాడు. ఎంత పలచనైతే అంత మేలురకం. తెరకు కూడా అలాగే సన్నటి మల్లు పంచె ఎంచి తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, హాలుకూ లోపలి గదికీ మధ్య ఉన్న ద్వారానికి ఆ పంచె కట్టారు. హాల్లో మగవాళ్ళు. లోపలి గదిలో అమ్మ, చిన్నమ్మ, నేను. చిన్నమ్మ చిన్నబాపు భార్య, బాపు ఆమెకు బావ. బావ ఎదుట ఆమె కూర్చోకూడదు. ఆమెకు తోడుగా మేము. బొమ్మ ఆ పలచటి గుడ్డలోంచి మా వైపుకూ వచ్చింది. కుడి ఎడమైంది, అంతే.

"అక్కా, పెండ్లి బంతిల అందరు ఎడమచేత్తోనే తింటాండ్రు," అని చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

మగవాళ్ళకు మాత్రం బొమ్మ వెలవెలబోయిందట. మొదటి రీలుకే ఆపేశారు. పుస్తకాలు చదివే పిల్ల కదా అని చిన్నబాపు నన్నడిగాడు. ఆ ఇంట్లో నన్ను ఎవరైనా సలహా అడగడం అదే మొదలు. లైబ్రరీలో ఏదో పత్రికలో చదివింది గడగడా చెప్పేశాను: మందపు తెల్లగుడ్డ కావాలి, దాని వెనక నల్లగుడ్డ వేస్తే వెలుగు అవతలికి పోదు, బొమ్మ నిగనిగలాడుతుంది. బాపు డ్రిల్లు గుడ్డ తెచ్చాడు. నల్లగుడ్డను దానికి నేనే కుట్టు మిషను మీద కుట్టాను. ఆ గర్వం డైరీలో రెండు పేజీలకు పాకింది. ఆ పేజీలు చూస్తే ఇప్పటికీ చింపేయాలనిపిస్తుంది. పత్రికలోని తెర వెనక మనుషులెవరూ లేరు. మా తెర వెనక మా అమ్మ ఉంటుందని నాకెందుకు తట్టలేదు?

తర్వాతి ఆదివారం సినిమా మళ్ళీ మొదటినుంచి వేశారు. హాల్లోంచి మెచ్చుకోళ్ళు. హీరో మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చట. మా ముందు ఉత్త నల్లగుడ్డ. అమ్మ, చిన్నమ్మ దాన్నే చూస్తూ ఒక రీలంతా కూర్చున్నారు. లేచి వెళ్ళలేదు. ఆ ఓపిక చూసి నాకు ఒళ్ళు మండింది. తెర అంచు ఎత్తి హాల్లోకి వెళ్ళాను. దుకాణం గుమాస్తాలతో సహా అందరూ నావైపే చూశారు.

"చిన్నబాపూ, మాకు ఏం కనవడ్తలేదు."

ఆయన తెర మీంచి కన్ను తిప్పకుండానే అన్నాడు. "మాటలు ఇనవడ్తున్నయి గద బిడ్డా."

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. "నువ్వు చెప్పిన గుడ్డనే గద," అన్నాడు. ఆ నవ్వుల కంటే అదే ఎక్కువ కాల్చింది.

లోపలికొచ్చి కత్తెర తీసుకుని కుట్లు కోయడం మొదలుపెట్టాను. జర ఊకో అంటూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. చిన్నమ్మ రెండో కొస నుంచి దారం లాగింది. నల్లగుడ్డ కింద పడింది. ఆ మందపు డ్రిల్లులోంచి బురదనీళ్ళలో చూసినట్టు, ఒక ఆడపిల్ల పెట్టె పట్టుకుని రైలు స్టేషనులో నిలబడి కనిపించింది. అంతే చూశాం. తెర ఊగుతోందని అరిచి చిన్నబాపు ప్రొజెక్టరు ఆపేశాడు.

నాకు రెండు రోజులు తిట్లు. మరుసటి వారానికి ప్రొజెక్టరు దుకాణం మీది గదికి పోయింది. అక్కడ సున్నం వేసిన గోడే తెర. ఆడవాళ్ళకు అక్కడ చోటే లేదు, ఇక గొడవేముంది.

ఆ ఆదివారం బియ్యం ఏరుతూ చిన్నమ్మ అడిగింది. "ఆ పిల్ల రైలెక్కిందంటవా?"

నాకు తెలియదు. చిన్నబాపునడిగితే కథంతా సంతోషంగా చెప్పేవాడే. నేను అడగలేదు.