నవంబరు ఎండలో పుట్టినరోజు

ఈ ఉదయం మా మనవరాలు కొత్త బూట్లు తొడుక్కుని, ఇంకా ఎవరూ తయారు కాకముందే తలుపు దగ్గర నిలబడింది. ఇవాళ దాని పుట్టినరోజు. పిల్లలందరికీ సీతాకోకచిలుక వేషాలు వేసి పార్కులో చేద్దామని మా కోడలు నెల్లాళ్లుగా కిందామీదా పడుతోంది. బెలూన్లు వద్దంది, ప్లాస్టిక్కు వద్దంది, ఆకుదొన్నెల్లో తిండి, వచ్చిన పిల్లలకు తలా ఒక బంతి మొక్క. నా పాత చీరలు కత్తిరించి పిల్లలకు రెక్కలు కుట్టే పని మాత్రం నా మెడకే చుట్టింది. తీరా పొద్దున్నే ఫోను చూసుకుని నా దగ్గరకొచ్చింది.

"అత్తయ్యా, గాలి అస్సలు బాలేదంట, అంతా పొగేనంట. దీనికి చూస్తే ఆయాసం. ఇన్నేళ్లు పిల్లల వార్డులో చేశారు, మీరే చెప్పండి. వెళ్దామా, మానేద్దామా?"

రిటైరయ్యాక అలాంటి నిర్ణయాల బాధ తప్పిందనుకున్నాను. కుర్చీలో కూలబడితే, మా అబ్బాయి పుట్టినరోజులు కళ్లముందుకొచ్చాయి.

వాడూ నవంబరులోనే పుట్టాడు. అప్పట్లో ఆసుపత్రి క్వార్టర్సులో మాది ఒకటే గది, కోస్తా నుంచి వచ్చిన నర్సుల కుటుంబాలన్నీ వస్తే కాలు మోపే చోటుండేది కాదు. అందుకని పుట్టినరోజుకు దేవుడికి కృతజ్ఞత చెప్పే ప్రార్థన కూడిక ఇండియా గేటు దగ్గర పచ్చికలో పెట్టుకునేవాళ్లం. దుప్పట్లు, పులిహోర, గారెలు, దొన్నెలు సర్దుకుని బస్సెక్కడమే. పర్యావరణం కోసం కాదు, మాకు తెలిసింది అంతే. నైట్ డ్యూటీ దిగి అటునుంచటే వెళ్లి ఆ ఎండలో నడుం వాలిస్తే, నాకు అదే పండగలా ఉండేది.

మా వాళ్లలో ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు, కళ్లు తెరవకూడదు. ఒక ఏడాది ఆ ప్రార్థన మా ఆడపడుచు మామగారికి అప్పగించి తప్పు చేశాం. ఆయన పిల్లాడితో మొదలుపెట్టి, ఆసుపత్రిలో రోగులను, దేశాన్నేలే పెద్దలను, ఊళ్లో వరిచేలను, చుట్టాలందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించి ఆమెన్ అనేసరికి, కోతులొచ్చి అరటిపళ్లూ గారెలూ ఊడ్చేసి చెట్టెక్కాయి. మావాడు కళ్లు తెరుచుకుని అంతా చూస్తూనే ఉన్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, ప్రార్థనలో మాట్లాడకూడదన్నారుగా అన్నాడు. ముందు నవ్వింది ఆ పెద్దాయనే. మిగిలిన పులిహోర తలా ఇంత పంచుకుని, పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం, పిల్లలు గడ్డిలో దొర్లుతూనే ఉన్నారు. కోతుల గురించి భయపడ్డాం గాని, ఆ గాలి పీల్చొచ్చా లేదా అని ఒక్కరికీ తోచలేదు.

మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపుకు చెవి ఆనించాను. లోపల సన్నగా పిల్లికూతలు వినిపించాయి. వద్దన్నాను. కోడలు పిల్లల తల్లులకు ఫోన్లు చేయడానికి లోపలికి వెళ్లింది.

మనవరాలు ఏడవలేదు. ఏడిస్తే సముదాయించడం నాకు చేతనవును. "తో ఫిర్ కబ్ జాయేంగే, నానమ్మా?" అని, మరైతే ఎప్పుడు వెళ్తామని మాత్రం హిందీలో అడిగింది. గాలి బాగయ్యాక అన్నాను. ఎప్పుడు బాగవుతుందని మళ్లీ అడిగింది.

వార్డులో ఎందరు తల్లులు అడిగారో, జ్వరం ఎప్పుడు తగ్గుతుంది, ఇంటికి ఎప్పుడు పంపుతారు అని. తెలిసినంతలో ఏదో ఒకటి చెప్పేదాన్ని, చాలాసార్లు నిజమయ్యేది కూడా. ఈసారి ఒంగి దాని కొత్త బూట్లు విప్పడం మొదలుపెట్టాను. మావాడికి ఆకలేస్తే పులిహోర పెట్టాను, చలేస్తే నా స్వెట్టరు చుట్టాను. వాడి కూతురు అడిగింది కాసేపు ఆరుబయట ఆడుకోవడం, అంతే. ఆ పచ్చికలో వాడు ఏనాడూ ఎవరినీ అడగకుండానే ఆడుకున్నాడు.