డబ్ల్యూలో దొరకని పేరు

తెనాలి మునిసిపాలిటీలో ముప్పై ఏళ్లు జనన మరణాల రిజిస్టర్లు రాసి రిటైరైన దామోదరం గారికి, అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూతురింట అసలు పొద్దుపోయేది కాదు. నళిని, అల్లుడు జగదీష్ ఎనిమిదింటికల్లా చెరో కారు ఎక్కి వెళ్లిపోయేవారు. ఆ వీధిలో నడిచే మనిషి ఒక్కడైనా కనబడతాడేమోనని ఆయన కిటికీ దగ్గర కూర్చునేవారు.

"నాన్నా, రేపట్నించి నిన్ను లైబ్రరీలో డ్రాప్ చేస్తాను. ఆఫీస్ నుంచి వస్తూ పికప్ చేసుకుంటా" అంది నళిని. అది 1983 వేసవి.

మొదటి రోజే పేపర్లన్నీ చదివేసి, ఆయన మేడమీది గదిలోకి తొంగిచూశారు. వరసగా యంత్రాలు, వాటి తెరల మీద ఎవరివో పాత చేతిరాతలు. ఇంటి నంబరు, యజమాని, భార్య, వయసు. 1910 నాటి జనాభా లెక్కలు.

"ఇవి ఎవరైనా చూడొచ్చా?" అని అక్కడ కూర్చున్న పెద్దావిడను అడిగారు.

"డెబ్బై రెండేళ్లు దాటితే ఎవరైనా చూడొచ్చు. వీటిని నిరుడే తెరిచారు."

ఆయనకు నమ్మకం కుదరలేదు. తెనాలిలో పాత రిజిస్టర్ల బీరువా తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. ఎంత బతిమాలినా ఎవరికీ పుస్తకం చూపించిన పాపాన పోలేదు. ఆ మాట గొప్పగా చెప్పబోయి, ఆవిడ అలసిన కళ్లు చూసి ఊరుకున్నారు.

ఆవిడ పేరు హెలెన్. పుట్టింటి పేరు వాలెస్కీ, ఇంగ్లీషులో డబ్ల్యూతో మొదలవుతుంది. పోలండ్ నుంచి వచ్చిన తండ్రి, భార్య పోగానే పసిపిల్లను లాన్సింగ్‌లో ఒక అమెరికన్ కుటుంబానికి పెంపకానికిచ్చి ఎటో వెళ్లిపోయాడు. ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి బర్త్ సర్టిఫికెట్ లేదు. తల్లి పేరు తెలియకుండానే హెలెన్‌కు డెబ్బై అయిదేళ్లు వచ్చాయి. ఆ లెక్కల్లో తండ్రి ఇల్లు దొరికితే తల్లి పేరూ దొరుకుతుందని, సూచీ కార్డుల్లో డబ్ల్యూ అక్షరం మొత్తం రెండుసార్లు వెతికిందట.

దామోదరం గారు 1951లో ఇంటింటికీ తిరిగి జనాభా లెక్కలు రాసినవారే. "లెక్కలు రాసేవాడు స్పెల్లింగ్ అడగడు మేడమ్. గుమ్మంలో నిలబడి, చెవికి వినబడింది రాసుకుని పక్కింటికి పోతాడు. మా తెలుగులో డబ్ల్యూకీ, 'వి'కీ ఒకటే అక్షరం. మీ నాన్నగారూ అలాగే పలికారేమో. 'వి' అక్షరం కూడా చూద్దాం" అన్నారు.

మూడు రోజులు చూశారు. గురువారం మధ్యాహ్నం, వి అక్షరంతో మొదలైన వాలెస్కీ ఒకడు తగిలాడు. పేరు ఆంటన్, వయసు ఇరవై ఎనిమిది. కూతురు హెలెనా, రెండేళ్లు. మధ్య వరసలో భార్య పేరు మీద సిరా అలుక్కుపోయింది.

"రోస్... తరవాత ఏముందో తెలియడం లేదు" అంది హెలెన్.

ఆయన కళ్లజోడు తుడుచుకుని తెరకు దగ్గరగా వంగారు. "అది ఎస్ కాదు, జెడ్. కలం ఎత్తకుండా కిందికి లాగేశాడు. రొజాలియా. వయసు ఇరవై నాలుగు."

హెలెన్ ఆ పేరును మెల్లగా రెండుసార్లు పలికింది. "ఇరవై నాలుగా! మా మనవరాలి కన్నా చిన్నపిల్ల" అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. తరవాత గదిలో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినే పిలిచి ఆ వరస చూపించింది.

ఆ సాయంత్రం కారు ఎక్కుతూనే దామోదరం గారు కూతురితో అన్నారు: "రేపు కాస్త పెందలాడే డ్రాప్ చెయ్యమ్మా. ఒక ఐరిష్ ఆయనకు వాళ్ల తాతగారు రెండు నెలలుగా దొరకడం లేదట."