సరితకు జరగని ఆపరేషన్

బీర్పూర్ కూలీ యోహాను కూతురు కృపారాణి జగిత్యాలలో డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉంది. సర్జన్ కావాలని కోరిక. నిద్రలో కూడా ఆమె వేళ్లు చీకటికి కుట్లు వేస్తుంటాయి.

సెలవుకు వచ్చినప్పుడు తండ్రికి ఆ కోరిక విడమరిచి చెప్పింది.

"ఉన్నోళ్లకు అందే ఆపరేషన్ లేనోళ్లకు గూడ అందాలె బాపూ. గా తేడా పోవాలె."

"మన వాడల గా తేడా ఎప్పుడో పోయింది బిడ్డా," అన్నాడు యోహాను. "మీ అవ్వ ఈడోళ్లల్ల ఒక్కదానికన్న గర్భసంచి ఉన్నదా?"

లేదు. నడుము నొప్పి అంటే ఆరెంపీ రాజేందర్ సూది వేస్తాడు. నొప్పి మళ్లీ వస్తే కోరుట్లలో తనకు తెలిసిన ప్రైవేటు దవాఖానకు పంపుతాడు. వెళ్లినవాళ్లు కొన్నాళ్లు మంచం మీద మబ్బుల్లా తేలి, మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. నొప్పి మాత్రం పెంపుడు పిల్లిలా తిరిగొచ్చి పాత చోటే పడుకుంటుంది. ముప్పై దాటాక కూడా గర్భసంచి ఉంచుకోవడం ఆ వాడలో ఇంకా డబ్బా టీవీ ఉంచుకున్నట్టు.

ఇప్పుడు వంతు కృపారాణి వదినె సరితది. బట్టలు సర్దుకుని గడపలో కూర్చుంది. రాజేందర్ బండి ఆగింది.

"తియ్యకుంటె క్యాన్సరైతది. దుబాయ్ నుంచి మీ అన్న సతీశ్ గూడ సరేనన్నడు."

"స్కానింగ్ తీపిచ్చినవా అన్నా?" అంది కృపారాణి.

"మొఖం జూస్తె సమజైతది చెల్లె."

ఇంత చిన్న వయసులో తీసేస్తే ఒళ్లు తొందరగా ముసలిదవుతుందని కృపారాణి చదివింది. ఆ మాట చెబితే ఎవరూ వినరని కూడా తెలుసు. అందుకే తల్లి అంజవ్వ వైపు తిరిగింది.

"జగిత్యాలల మా పెద్ద మేడంతోని చేపిస్త అవ్వా. నేను పక్కనే నిలవడ్త."

పెద్ద మేడం! వాడలో ఎవరికీ దక్కని భాగ్యం. అంజవ్వ కళ్లలో దీపావళి వెలిగింది.

మేడం పరీక్ష చేసింది, స్కానింగ్ తీయించింది. గర్భసంచి బాగానే ఉందని, చిన్న ఇన్ఫెక్షన్‌కు మాత్రలు చాలని, వంగి కూర్చోవద్దని చెప్పింది.

అంజవ్వ కూలబడింది. "గింత దూరం అచ్చి ఉత్తగనే పోవాల్నా మేడం? జర చిన్నదన్న ఏదో ఒకటి తియ్యిర్రి!"

పరామర్శకు వచ్చినవాళ్లు కుట్లు లేవని తెలిసి, తెచ్చిన పండ్లు కొంగుచాటున వెనక్కి పట్టుకుపోయారు. "గా పిల్లకింక కోసుడు రాదు," అని రాజేందర్ ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది.

నెల తిరిగేసరికి సరిత నొప్పి తగ్గింది. ఓ మధ్యాహ్నం పక్కింటి తిరుమల చాట పట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఏమే, మీ ఆడిబిడ్డకు కోసుడే రాదటగదా?"

"రాదట."

తిరుమల వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నన్ను గూడ కోరుట్లకు నడువుమంటుండు రాజేందర్. ఆదివారం అస్తదా కృప?"

"అస్తది గని," అంది సరిత, "ఏం తియ్యది."