బస్సెక్కిన టేకు దుంగ

వరంగల్ కొత్తవాడలో మగ్గాలు చేసే వడ్రంగి రహీం. పనిమంతుడే గానీ, ఎవరన్నా పొగిడితే మాత్రం ఆగలేడు.

ఎనభైల మొదట్లో అడవి మీద కట్టడి పెరిగింది. పర్మిట్ లేనిదే ఏటూరునాగారం టేకును చెక్‌పోస్టు దాటనిచ్చేవాళ్లు కాదు. కట్టె డిపోల్లోకి ఓడల మీద వచ్చిన మలేషియా కర్ర దిగింది. అప్పుడే నేతపని చేసే రాజవ్వ మగ్గానికి బట్ట చుట్టుకునే దుంగ పగిలింది.

"సముద్రం దాటొచ్చిన కట్టె నాకొద్దు రహీమూ. మన టేకే కావాలె."

"దొరుకుతలేదు అవ్వా."

"నీ అసొంటోనికి దొరకదా?"

ఆ మాటకు పొంగిపోయాడు రహీం. భార్య సాబిరాను వెంటబెట్టుకొని ఏటూరునాగారం పోయి, ఎట్లనో ఒక దుంగ సంపాదించాడు. దానికి దుప్పటి చుట్టి, ఒక కొసకు తువ్వాల కట్టి, బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టాడు.

"ఎవరు?" అన్నాడు కండక్టరు.

"మా అత్త. జ్వరం. దవాఖానకు తీస్కపోతానం."

"మా అమ్మనా?" సాబిరా గొణిగింది.

"ఊకో. జర ఏడువు."

ఆమెకు నవ్వాగలేదు. కొంగులో మొహం దాచుకుంటే భుజాలు ఊగాయి. ఏడుస్తోందనుకొని పక్కసీట్లో కూచున్న కట్టమ్మ అనే ఆమె నిజంగానే ఏడ్చింది. బస్సు ఆగినచోట సోడా కొనుక్కొచ్చి, "జర నోరు తెరువక్కా" అంటూ తువ్వాల మీద పోసింది.

చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు ఎక్కాడు. ఆ ఏడుపులకు కరిగిపోయి, "మా జీపుల తొందరగ పోతరు, పట్టుండ్రి" అని తనే కాళ్లవైపు ఎత్తాడు. బరువుకు చెయ్యి జారింది. అత్త దభీమని కిందపడి సీట్ల కిందికి దొర్లిపోయింది.

గార్డు దుప్పటి విప్పాడు. "మీ అత్త మంచి చేవగల మనిషే."

"ఉత్తగ ఏడిపిస్తివి గదరా!" అని అరిచింది కట్టమ్మ.

దుంగ జప్తయింది. రహీం జుర్మానా కట్టి బయటపడ్డాడు. సంగతి మరిపెడలో ఉన్న అసలు అత్త హుసేన్‌బీ చెవిన పడింది. "నేను బతికుండంగనే నన్ను మొద్దును చేస్తివా?" అని రంజాన్ దాకా అల్లుడితో మాట్లాడలేదు.

రాజవ్వకు పాపమనిపించింది. మలేషియా దుంగే పెట్టించుకుంది. నెల తిరగకముందే, "ఓడెక్కి వచ్చింది" అని అందరికీ చూపించడం మొదలుపెట్టింది. వాడంతా అదే కావాలంది. రహీంకు చేతినిండా పని.

నాలుగేళ్లకు డిపో నడిపే వెంకటరాజం పెదవి విరిచాడు. "కర్ర పిరమైంది రహీమూ, ధర మండిపోతాంది. ఆ దిక్కు దేశాలల్ల గూడ నరుకుడు మీద కట్టడి పెడ్తాండ్రట. మొద్దులు బయటికి పోనిస్తలేరట."

రహీం నోరు తెరిచాడు. "అక్కడ గూడ గార్డులున్నరా సేటూ?"

"ఉండరా మరి?"

రహీం కడుపుబ్బ నవ్వాడు. తర్వాత, ఎవరన్నా పాత ఇల్లు కూలగొడుతుంటే టేకు దూలాలు అడుగుదామని సైకిలెక్కాడు.