కంప్రెసర్‌కి కొసరు

మీరు నవ్వుతారనే రెండ్రోజులుగా ఈ టీ కొట్టు వైపు రాలేదండీ. ఎలాగూ చల్లపల్లంతా తెలిసిపోయింది కాబట్టి నేనే చెప్పేస్తున్నా. మొన్న ఆదివారం మా బావమరిది సుధీర్‌ని పెళ్లిచూపులకి తీసుకెళ్తూ, నా కారులోనే ఉడకబెట్టేశాను!

వాడికి మంచి ఉద్యోగం, మంచి రూపం. అయినా వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట: "అబ్బాయి బాగానే ఉన్నాడండీ, కాకపోతే బిగుసుకుని కూర్చున్నాడు. పొగరేమో!" పొగరు కాదండీ బాబూ, మొహమాటం! ఈ గుడివాడ సంబంధం కూడా తప్పిపోతే ఇంక చూపులకే రానని మొండికేశాడు. అందుకే మా ఆవిడ లలిత గట్టిగా చెప్పింది: "ఏవండీ, తమ్ముణ్ణి చొక్కా నలగకుండా, చెమట పట్టకుండా తీసుకెళ్లే పూచీ మీది."

మే నెల. మన ఉక్కపోత సంగతి మీకు చెప్పాలా? కారు ఏసీ కంప్రెసరేమో గరగరమంటోంది. ఆయిల్ తగ్గిందని నేనే తేల్చేసి, ఆన్‌లైన్‌లో కంప్రెసర్ ఆయిల్ డబ్బాలు తెప్పించా. వీడియో చూశా. బానెట్ ఎత్తడం, ఏసీ ఆన్ చేయడం, పైపు తగిలించడం. దీనికి మెకానిక్ ఎందుకండీ?

బయల్దేరే ముందు ఒక డబ్బా ఎక్కించా. ఒక్కటి చాలని దానిమీదే రాసుంది. గరగర కూడా ఆగింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను! పాలు కొలిచినా కొసరు పోయించుకునే వంశం మాది. పప్పులో నెయ్యి కొలిచి వడ్డించడం మా ఇంటావంటా లేదు. కంప్రెసర్ మాత్రం ఏం పాపం చేసిందని, కొసరుగా రెండో డబ్బా కూడా ఎక్కించేశా.

కూచిపూడి దాటకముందే సుధీర్ అడిగాడు: "బావా, చల్లగాలి రావట్లేదేంటి?"

"వస్తుందిరా! కొత్త ఆయిల్ కదా, టైమ్ పడుతుంది."

అద్దాలు దింపుతానంటే వెనక సీట్లో కూర్చున్న లలిత ఒప్పుకోదు, తమ్ముడి క్రాఫు చెదిరిపోతుందట. పామర్రు వచ్చేసరికి కారు ఇడ్లీ పాత్రయింది. వాడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది, మొహం మీద పౌడరు చారలు కట్టింది. సీటు కింద ఖాళీ డబ్బా కాలికి తగిలితే తీసి చదివాడు.

"బావా! ఎక్కువైతే ఏసీ చల్లబడదని ఇక్కడే రాసుంది. మీరు చదవలేదా?"

"చదివాన్రా. ఎక్కువంటే మరీ ఎక్కువేమో అనుకున్నా."

లలిత నావైపు చూసిన చూపు మీకు చెప్పలేనండీ.

గుడివాడలో అమ్మాయి కాఫీ ఇస్తుంటే వీడి చెయ్యి జారి సగం సాసర్‌లో పడింది. అమ్మాయి తండ్రి పాపం ఫ్యాను వీడి వైపు తిప్పి, "కంగారు పడకు బాబూ" అన్నారు. వీడేమో "పర్లేదండీ, పర్లేదండీ" అంటూ మొహం తుడుచుకోవడమే! తిరిగొచ్చేటప్పుడు లలితే అద్దాలన్నీ దింపేసింది. సంబంధం పోయింది, అది నావల్లే పోయింది అనుకుంటే నిజంగా ఏడుపొచ్చిందండీ.

సాయంత్రం అమ్మాయి తండ్రి ఫోను. లలిత భయపడుతూనే స్పీకర్ నొక్కింది.

"అబ్బాయి మాకందరికీ తెగ నచ్చాడమ్మా! ఏసీ కారులోంచి దిగిన మనిషి, అమ్మాయి ఇంటి గుమ్మం చూడగానే అన్ని చెమటలు! ఈ రోజుల్లో అంత బెరుకు, అంత వినయం ఎక్కడ దొరుకుతాయి? ముహూర్తం పెట్టించేద్దాం."

నేను కాలరెగరేశా. "చూశావా నా పనితనం!"

"చూశానండీ" అంది లలిత. "పొరపాటున సరిగ్గా చేసుంటే ఈ సంబంధం కూడా పోయేది!"