అడుగు ఊడ్వని పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేసేసరికి నేను నిజామాబాద్ ఖలీల్‌వాడిలో మందుల దుకాణం ముందు వరుసలో ఉన్నాను. చేతిలో రెండు చీటీలు. ఒకటి ఆమెది, ఒకటి నాది. రెండింటి మీదా ఒకటే మందు రాసి ఉంది.

"చెల్లే, అవ్వ పోయిందే..." అన్నాడు అన్న. ఆ తర్వాత ఫోన్లో ఏడుపే.

వరుస కదిలింది. దుకాణం అతను "ఏం గావాలె మేడం?" అన్నాడు. పెద్దమ్మ చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, నాది ఇచ్చాను. దుఃఖం తర్వాత వచ్చింది, ముందొచ్చింది భయమే. ఉన్నమాట దాచి ఏం లాభం? భయాన్ని దాచకూడదని నేర్పింది కూడా ఆమే.

మా అమ్మకు అక్క ఆమె. మోస్రా దగ్గర ఊరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ వాళ్లు చెరకు వేశారు, అది మూతపడ్డాక పసుపు. పెదనాన్న చిన్నవయసులోనే పోతే, ఒక్క కొడుకును పెట్టుకుని సేద్యమంతా ఆమే చేసుకొచ్చింది. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు పోయి మెరుగు వస్తుంది. ఆ డ్రమ్ము తిరిగినంతసేపూ పెరడంతా పచ్చటి దుమ్ము. సెలవులకు వెళ్లినప్పుడు నేనూ అక్కడే నిలబడి చూసేదాన్ని. పెద్దమ్మ కొంగు మూతికి చుట్టుకుని, "దూరం జరుగు పోరీ, ముక్కులకు పోతది" అని కసిరేది. తను మాత్రం జరిగేది కాదు.

ఆమెకు అన్నీ భయాలే. ఉరిమితే భయం, కరెంటు స్విచ్చి అంటే భయం, బస్సు ఎక్కాలంటే భయం. ఇందల్వాయిలో మా చిన్నమ్మ ఇంటికి పోవాలంటే పొద్దున్నుంచే భయమైతున్నదని చెప్పుకుంటూ తిరిగేది. "ఇంత పిరికిదానివి ఇన్ని ఎకరాలెట్ల చేసినవే పెద్దమ్మా?" అని ఆటపట్టిస్తే మూతి ముడిచేది. "భయమైతున్నదని చెప్తె ఏం పోతది? నీ లెక్క కడుపుల వెట్టుకోను నేను" అనేది. చెప్పేసి, కొంగు బిగించి, భయపడ్డ పనే చేసేది.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి. బియ్యం గుమ్మి అడుగు ఎప్పుడూ ఊడ్వనిచ్చేది కాదు. కొత్త బియ్యం వచ్చేదాకా అడుగున పిడికెడైనా ఉండాల్సిందే. ఉప్పు జాడీ, నూనె డబ్బా, అగ్గిపెట్టె, అన్నింటికీ అదే నియమం. నేనొకసారి చింతపండు కుండ కడిగి బోర్లించానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "అంత ఊడ్చుకుంటె మల్ల రాదు బిడ్డా" అనేది. మా ఇళ్లల్లో అందరూ పాటించేదే, కానీ ఆమె పాటించినంత ఎవరూ పాటించలేదు.

దగ్గు మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పసుపు చేసేవాళ్లు దగ్గకుండా ఎవరుంటారు? తర్వాత తర్వాత పెరట్లోంచి ఇంట్లోకి వచ్చేలోపు గోడ పట్టుకుని నిలబడేది. నిజామాబాద్ తీసుకొచ్చి స్కానింగ్ చేయిస్తే, ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టరు చెప్పాడు. దుమ్ము వల్లనా, పొయ్యి పొగ వల్లనా, ఊరికేనా, తేల్చి చెప్పలేనన్నాడు. జబ్బు పోదు, ఈ గోలీ వేసుకుంటే మెల్లగా ముదురుతుంది, అంతే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఒక్కపూట కూడా తప్పొద్దన్నాడు. దాని ధర విని అన్న, నెలకెన్ని బస్తాల పసుపు అమ్మాలో వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"గా మందు ఇంకెవలు జేయరా?" అని తిరుగు ప్రయాణంలో అడిగింది.

"చెయ్యొద్దు పెద్దమ్మా. కనిపెట్టిన కంపెనీకి పేటెంటు ఉన్నది. అంటే పట్టా లెక్కనే. ఇరవై ఏండ్లు వాళ్లదే హక్కు."

"మందుకు గూడ పట్టానా? ఓయమ్మో!" కాసేపు కిటికీలోంచి చూసి, "పోనీ తియ్, కనిపెట్టెటందుకు వాళ్లకు గూడ కష్టమైతది గద. గా ఇరవై ఏండ్లు ఒడిసినంక?" అంది.

"అప్పుడు ఎవరైనా చేయొచ్చు. ధర దిగుతది. చానా ఏండ్లు అయిపోయినయి, ఇంక కొంచెమే ఉన్నది."

"గా కొంచెం దాకా నేనుంటనా బిడ్డా?"

నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. "సావంటె గంత భయం లేదు. ఊపిరి ఆడక సచ్చుడంటెనే భయం" అంది.

అన్న ఏడాదంతా పండించిన పసుపు ఆ గోలీలకే పోయింది. కొడుకు ముందు ఆమె ఒక్క మాటా అనేది కాదు. నాకు మాత్రం ఫోన్ చేసి, "గా పట్టా అయిపోయిందా?" అని అడిగేది. పెళ్లి ముహూర్తం గురించి అడిగినట్టు అడిగేది.

అప్పుడే నిజామాబాద్‌లో ఊపిరితిత్తుల రోగుల కోసం ఒక మీటింగు పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక వకీలమ్మ వచ్చింది. ఆ గోలీలో చిన్న మార్పు చేసి, కంపెనీ కొత్తగా ఇంకో పేటెంటుకు అర్జీ పెట్టుకుందని, అది ఇచ్చేస్తే చౌక మందు రావడం ఇంకా వెనక్కి పోవచ్చని చెప్పింది. ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పుకునే వీలు చట్టంలో ఉందని కూడా చెప్పింది. హాల్లో సగం మందికి అర్థం కాలేదు. పెద్దమ్మ లేచి నిలబడింది. లేవడానికే ఆయాసం.

"అంటే గెట్టు జరుపుతున్నరన్నట్టు" అంది.

మా జిల్లాలో గెట్టు జరపడమంటే ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. దున్నేటప్పుడు హద్దు దాటి పక్కవాడి పొలం వైపు ఒక్క సాలు ఎక్కువ పోనిస్తారు. మరుసటి ఏడు ఇంకో సాలు. పెదనాన్న పోయాక ఆమె పసుపు చేనుకు జరిగింది అదే. గెట్టు మీది తుమ్మచెట్టు చివరికి పక్కవాడి చేను నడుమకు పోయింది. రోజూ చూస్తూ, భయానికి నోరు మెదపలేదు ఆమె.

వకీలమ్మ నవ్వింది. "అంతే అవ్వా. అసలు గడువు అయిపోయే టైముకు గెట్టు జరుపుతున్నారని మనం అంటున్నాం. కాదు, ఇది కొత్త పనే అని వాళ్లంటారు. పేటెంటు ఆఫీసు వాళ్లు తేల్చాలి" అంది.

"నా ఏలిముద్ర వెట్టించుకో. నాకు భయమైతున్నది బిడ్డా, ఎవలేమంటరో ఎరకలేదు. అయిన వెడ్త. గప్పుడు చేన్ల సప్పుడు జెయ్యలే."

సిరా అంటిన ఆమె బొటనవేలిని కాగితం మీద నేనే ఆనించాను. వేలిముద్ర కొంచెం అలికినట్టు పడింది. వస్తూ వస్తూ హాలు మెట్ల దగ్గర నేను ఆగాను. ఊరికే, కొంగు సర్దుకోవడానికి అన్నట్టు ఆగాను. పెద్దమ్మ నా వైపే చూస్తోంది.

"నీకెన్నొద్దులసంది గిట్లైతుంది?" అంది.

"ఏం కాలేదు. బడిల పాఠాలు చెప్తం గద, చాక్‌పీసు పొడి..."

"నాకు జెప్పకు. గట్ల ఆగుడు నాకెరుక."

ఆమె మాట మీదే వెళ్లి స్కానింగ్ చేయించుకున్నాను. అదే జబ్బు. మొదట్లోనే దొరికింది, అదృష్టమన్నాడు డాక్టరు. రక్తసంబంధంలో కొందరికి వస్తుందట. ఈ సంగతి ఆమెకు చెప్పిన రోజు, ఆమె తన భయాలన్నీ పక్కన పెట్టేసింది. నా వీపు నిమురుతూ, "నీకు పట్టా అయిపోయినంక మందు అగ్గువైతది తియ్. నీకింక టైమున్నది" అని మళ్లీ మళ్లీ అంది. ఆమె చెయ్యి నా వీపు మీద ఊపిరి లెక్కపెడుతున్నట్టే అనిపించింది.

ఆ తర్వాత ఆమెకు చాలా తొందరగా ముదిరింది. మందు వాడుతూ ఉంటే ఇంత వేగమెందుకని డాక్టరు కూడా ఆలోచనలో పడ్డాడు. చివరి వారాల్లో ఆక్సిజన్ మిషను పక్కనే, గోడకు ఆనుకుని కూర్చునే ఉండేది. పడుకుంటే మళ్లీ లేవనేమోనని భయం. నేను పోతే మిషను గొట్టం తీసి, "ఒక్కపారి నువ్వు సుత పీల్చు" అని నా ముందు పెట్టేది. ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు.

పదోరోజు అయ్యాక వదిన వంటకు బియ్యం తీయబోయి గుమ్మిలో చెయ్యి పెట్టింది. అడుగున, ఆ పిడికెడు బియ్యంలో, గోలీల షీట్లు. ఒక్కొక్క దాంట్లో చివరి రెండు గోలీలు అలాగే ఉన్నాయి. ఏ షీటూ పూర్తిగా ఖాళీ చేయలేదు ఆమె. వదిన వాటిని నేల మీద పరిచింది. అన్న చూసి, "అయ్యో అవ్వా, ఉప్పనుకుంటివా, నూనె అనుకుంటివా" అని నెత్తి కొట్టుకున్నాడు.

ఆ షీట్లు తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. ఆయన వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు. వీటివల్లే పోయిందని చెప్పలేను, వీటివల్ల కాదని కూడా చెప్పలేను అన్నాడు. ఆ మాటే ఇప్పుడు నన్ను పట్టుకుంది. పాఠం చెబుతూ చెబుతూ అది గుర్తొచ్చి ఆగిపోతాను. ఆయాసమని పిల్లలనుకుంటారు.

ఆమె వేలిముద్ర వేసిన అభ్యంతరం ఇంకా తేలలేదు. మొన్న వకీలమ్మ ఫోన్ చేసి, విచారణకు అవ్వను తీసుకురాగలరా అని అడిగింది. లేదని చెప్పాను. నేను వస్తానన్నాను. నాకు భయంగా ఉందని కూడా చెప్పాను.

నిన్న నా షీటులో రెండే గోలీలు మిగిలాయి. దుకాణంలో స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. ఇవాళ పొద్దున ఒకటి వేసుకున్నాను. సాయంత్రం రెండోదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఒక్కటైనా ఉండనీ, అంతా ఊడ్చుకుంటే మళ్లీ రాదు అని చెవిలో ఆమె గొంతే. షీటు పట్టుకుని బియ్యం డబ్బా దాకా పోయాను, మూత కూడా తీశాను. అడుగున పిడికెడు బియ్యం ఉంది.

"పెద్దమ్మా, కోపం చెయ్యకు" అని పైకే అని, గోలీ మింగాను. బియ్యం మాత్రం ముట్టలేదు. ఖాళీ షీటు చేతిలోనే ఉంది, ఊపిరి తీసుకున్నప్పుడల్లా అది సన్నగా చప్పుడు చేస్తోంది.