చిట్టీల కిటికీ దగ్గర మూడు రోజులు

మా చెల్లెలి కూతురు సిద్దిపేటలోనే కంప్యూటర్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న ఆదివారం నేను కందిపప్పు ఏరుకుంటూ కూర్చుంటే, నా ఫోనుకు ఒక ఫారం పంపించి పక్కనే వచ్చి కూలబడింది. బస్సుల వేళలు చెప్పే ఆప్ ఒకటి వాళ్ల ప్రాజెక్టట. అది నాకెంత ఉపయోగపడిందో చెప్పమని ఇరవై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద ఐదేసి చుక్కలు. ఆ ఆప్ ఏదీ, ఒకసారి చూపించమంటే ఇంకా తయారు కాలేదంది.

"గదేందే, చూడని దాన్ని మంచిగున్నదని ఎట్ల చెప్త?" అన్నాను.

"ఏదో ఒకటి నొక్కు పెద్దమ్మా. వంద మంది నిండాలె, నిండితెనే సార్ సంతకం పెడ్తడు," అంది తలెత్తకుండానే.

నాకు ఒళ్లు మండింది, కసురుకున్నాను. పిల్ల మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయాక, ఆ కోపం ఆమె మీద కాదని నాకే అర్థమైంది. ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో, బల్లకు అవతలి పక్కన కూర్చుని, వంద నిండితేనే సంతకం పెడతానని మొండికేసిన మనిషిని నేనే.

అప్పుడు నేనొక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌ని. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్లకు మనుషుల కన్నా ఎక్కువ మర్యాద. మా ల్యాబులో ఉన్న ఆరింటికీ ఆరు ముసుగులు కుట్టించి, చెప్పులు గుమ్మం బయట విడిపించి, లోపల దగ్గితే కూడా దుమ్ము పడుతుందేమో అన్నట్టు చూసేవాళ్లం. ప్రాజెక్టు రిపోర్టులో పరిశోధన పద్ధతి అని ఒక అధ్యాయం ఉండాలి. దాని సంగతి నాకూ అంతంత మాత్రమే తెలుసు. మా సీనియర్ల రికార్డు చూసి నేను రాశాను, నా రికార్డు చూసి నా విద్యార్థులు రాశారు. ప్రశ్నల కాగితం, వంద మంది, చివర ఒక గుండ్రటి బొమ్మను ముక్కలుగా కోసి రంగులు వేయడం. పద్ధతిని ఎంచుకోవడమనే మాటే లేదు, అది ముందే ఎంచి పెట్టి ఉండేది.

ఆ ఏడు ఒక జోడీ ఆడపిల్లలకు నేను గైడును. మా ఊరి బయట ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానలో, రోగి ఏ గదికి పోవాలో రాసిచ్చే ఓపీ చిట్టీలను చేత్తో రాయకుండా కంప్యూటరు మీద ఇచ్చే ప్రోగ్రాం వాళ్ల పని. ఒకమ్మాయిది రాయపోల్, చెప్పిన పని చెప్పినట్టు చేసేది. రెండో అమ్మాయిది చంద్లాపూర్, తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం వెనక్కి తగ్గేది కాదు. ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇద్దరూ దవాఖానకు వెళ్లిన మరునాడే చంద్లాపూర్ పిల్ల నా బల్ల ముందు నిలబడింది.

"మేడం, కాయితం చూపిస్తె అందరు మంచిగనే ఉన్నదంటున్నరు. మేం సర్కారోల్లమనుకుంటున్నరు. గిట్ల అడిగితె ఏం తెల్వది. నేను మూడు దినాలు గా చిట్టీల కిటికి కాడ కూసుండి చూస్త."

"ఊరికే కూర్చుంటే రిపోర్టులో ఏం రాస్తావమ్మా?"

"చూసింది రాస్త."

నాకు చిరాకెత్తింది. పరీక్షలు నెత్తి మీదున్నాయి, రోజూ ప్రిన్సిపాల్ రిపోర్టులెన్ని వచ్చాయని అడుగుతున్నాడు, ఈ పిల్లేమో కిటికీ దగ్గర కూర్చుంటానంటుంది. కుదరదన్నాను. మూడు రోజులు కాలేజీకి రాలేదు. నాలుగో రోజు ఒక గీతల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

కిటికీ దగ్గరికి ఎవరెవరు వచ్చారు, ఏం చెప్పారు, అక్కడి నుంచి ఎటు వెళ్లారు, అన్నీ రాసి ఉన్నాయి. చిట్టీలు రాసే గుమాస్తా మంచివాడే, కానీ అందరూ వినేట్టు ఏం రోగమని అడిగి గది నంబరు వేసేవాడు. వెనక వరుసలో మగవాళ్లు ఉండేసరికి ఆడవాళ్లు తల దించుకుని జ్వరమనేవాళ్లు. జ్వరం గదిలోకి పోయి అసలు బాధ నర్సు చెవిలో చెబితే, ఆమె ఇంకో చిట్టీ రాయించుకు రమ్మని మళ్లీ కిటికీ దగ్గరికే పంపేది. కొందరు వచ్చేవాళ్లు. కొందరు అటు నుంచి అటే రోడ్డెక్కి ఇంటికి పోయేవాళ్లు. అలా పోయినవాళ్ల పేర్ల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. రాయపోల్ అమ్మాయి ప్రశ్నలడిగింది మందులు తీసుకుని బయటికొచ్చే వాళ్లను. వెళ్లిపోయినవాళ్లు ఆ వంద కాగితాల్లో ఎలా ఉంటారు?

మన ప్రోగ్రాంలో కిటికీ దగ్గర రోగం పేరు అడిగే గడి తీసేద్దాం, నంబరు మాత్రం ఇచ్చి లోపల నర్సు అడిగేట్టు చేద్దామంది. ఆ గడి నేను దగ్గరుండి చేయించింది. ఈ నోటుబుక్కు సంగతి చివర్లో ఎక్కడైనా పెట్టుకో, ముందు ప్రశ్నల కాగితాల అధ్యాయం ఉండాల్సిందేనన్నాను. ఆ అధ్యాయం పెట్టలేదు ఆ పిల్ల. జోడీ విడిపోయి ఎవరి రికార్డు వాళ్లు రాసుకున్నారు.

వైవా రోజు హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు ఎంతమందిని అడిగావన్నాడు. ఎవరినీ అడగలేదు, కూర్చుని చూశానని చెప్పిందా పిల్ల. ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగి, "ఇదేం పద్ధతి మేడం?" అన్నాడు.

చూడటం కూడా ఒక పద్ధతేనని అప్పటికే నాకు తెలుసు. నోటుబుక్కు చదివిన రోజే బీరువాలోని పాత పుస్తకం తీసి చూశాను, దానికి ఒక అధ్యాయమే ఉంది. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను చెప్పింది వేరు: "చెప్పాను సార్, వినలేదు."

ఆ పిల్ల నా ముఖం వంక ఒకసారి చూసి, నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయింది. పాసు మార్కులే వచ్చాయి, ఫస్ట్ క్లాసు తప్పింది.

మరుసటి ఏడు మా అమ్మకు ఒంట్లో బాగాలేక, దగ్గర కదా అని అదే దవాఖానకు తీసుకెళ్లాను. నెలల తరబడి రక్తం పోతోందని ముందు రోజే నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది. కిటికీ దగ్గర గుమాస్తా ఏం రోగమన్నాడు. మా వెనక నలుగురు మగవాళ్లున్నారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "జరమొస్తుంది బిడ్డా," అంది.

లోపలికి వెళ్లాక అసలు బాధ నేనే చెప్పాను. అమ్మకు ఆపరేషన్ చేయించాం, బతికింది. ఆమె లేచి తిరిగే రోజుకు నేను చంద్లాపూర్ బస్సెక్కాను. ఆ పిల్ల అప్పటికి మర్కూక్‌లో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతోంది, సెలవు రోజు కాబట్టి ఇంట్లోనే ఉంది. చాయ్ ఇచ్చింది. నేను తప్పు చేశానన్నాను. 

"మార్కులకు బాధ పడ్డ మేడం, లేదని ఎందుకు చెప్పాలె. మా బాపు ముందల ఏడ్చిన. గని గా మూడు దినాలు మస్తు నేర్సుకున్న," అంది.

నోటుబుక్కు అడిగాను. ఆ సోమవారం ఇద్దరం కలిసి దవాఖాన డాక్టరమ్మ ముందు పెట్టాం. ఆమె సున్నాలు చుట్టిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివింది. నెల తిరగకుండా కిటికీ దగ్గర రోగం అడగడం మానేసి, లోపల ఒక తెర కట్టి నర్సుకు బల్ల వేశారు. మార్కులు మాత్రం ఎవరూ దిద్దలేదు, దిద్దమని నేను అడగనూ లేదు.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ కూర్చుని చూస్తామన్నవాళ్లకు సంతకం పెట్టడానికి సిద్ధంగానే ఉన్నాను. ఏడాదికి ఒక్కరైనా వస్తారనుకున్నాను. ల్యాబులు పెద్దవయ్యాయి, గడువులు చిన్నవయ్యాయి, అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వద్దని నేను గట్టిగా చెప్పినప్పుడు ఎదురు నిలబడి అడిగిన పిల్ల ఉండేది. సరేనందామని కాచుకుని కూర్చున్నన్నాళ్లూ నా బల్ల ముందుకు వచ్చినవాళ్లు దాదాపు అందరూ సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించినవాళ్లే.